మా జియాలజీ విభాగం అక్టోబరు కార్యక్రమాలు: ఊళ్లోవాళ్లు రావాలంటే ఏం చేయాలి?

గోస్తని:

అందరికీ నమస్కారం. విశాఖ వైపు ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. మా విభాగం వార్తలతో మూడు నెలలకోసారి నాలుగు పేజీల పత్రిక వస్తుంది. ఎప్పుడూ ఇంగ్లీషులోనే. ఈసారి ఆ పని నాకూ, మా జూనియర్లిద్దరికీ అప్పజెప్పారు. బయటివాళ్లను కూడా కార్యక్రమాలకు పిలుస్తున్నాం కాబట్టి తెలుగులో వేస్తామంటే మేడమ్ సరేనన్నారు.

చేతిలో ఉన్న వార్తలు ఇవి. 2025 సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి వెళ్లాయి. ఆ దిబ్బల మీద మా విభాగంలో జరుగుతున్న పని గురించి రాయాలి. రాతిని పలుచగా అరగదీసి చూసే మైక్రోస్కోపు కొత్తది వచ్చింది. ఇద్దరు సీనియర్లకు పీహెచ్‌డీ వచ్చింది.

ఇక రాబోయేవి. అక్టోబరు 6న అంతర్జాతీయ భూవైవిధ్య దినోత్సవం, ఆ రోజు మా రాళ్ల మ్యూజియం అందరికీ తెరుస్తాం. రెండో వారం ఎర్త్ సైన్స్ వీక్. అందులో భూగర్భ జలాల మీద ఒక ఉపన్యాసం, యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసిన సీనియర్లతో మాటామంతీ, చివరి రోజు ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి నడక.

మొదటి పేజీలో ఏది పెట్టాలో తేలడం లేదు. సార్లందరూ పీహెచ్‌డీ వార్త, ముఖ్య అతిథి ఫొటో పైన ఉండాలంటున్నారు. స్కూలు పిల్లలు, భీమిలి వైపు ఊళ్లవాళ్లు వస్తే బాగుంటుందని నాకు ఆశ. మ్యూజియంలో మా దగ్గర వందల రాళ్లు ఉన్నాయి, అన్నీ గాజు బీరువాల్లో ఇంగ్లీషు చీటీలతో. నడక విషయంలో కూడా కొంచెం టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత సుత్తి:

అమ్మా, నేను ప్రభుత్వ సర్వేలో ఫీల్డ్ జియాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఎమ్మెస్సీ చేసింది కోస్తాలోనే. నీ పోస్టు చూశాక మాట్లాడకుండా ఉండలేకపోయాను, కాస్త పెద్దగానే రాస్తాను.

మొదటి పేజీ గురించి నాకు ఏ సందేహమూ లేదు. ఎర్రమట్టి దిబ్బలే. పీహెచ్‌డీ వచ్చిన పిల్లలు సంతోషించాల్సిందే, వాళ్ల వార్త రెండో పేజీలో ఫొటోతో వేయి. కానీ విశాఖలో బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్లే ప్రతి మనిషీ ఆ ఎర్రటి గుట్టల్ని చూసే ఉంటాడు. సినిమా పాటల్లో చూశాడు, పెళ్లి ఫొటోల్లో చూశాడు. అవి ఎలా వచ్చాయో అతనికి ఎవరూ చెప్పలేదు. అది చెప్పగలిగినవాళ్లు మీరు. పేజీలో సగం అదే ఉండనీ.

ఏం రాయాలంటే, సుమారు 20,000 ఏళ్ల కిందట చివరి మంచుయుగం ముదిరినప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కింద ఉండేది. అంటే తీరం ఇప్పుడున్న చోటు నుంచి చాలా దూరం సముద్రం వైపు జరిగి, సముద్రపు అడుగు బయటపడింది. ఆ ఇసుకను గాలి ఎత్తి ఒడ్డు మీద పోసింది. ఈ ఇసుకలో మన తూర్పు కనుమల నుంచి కొట్టుకొచ్చిన గార్నెట్, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలు ఉన్నాయి. వేల ఏళ్లపాటు వానలకు తడిసి ఎండి, వాటిలోని ఇనుము తుప్పు పట్టి రేణువు రేణువుకీ పూతలా అంటుకుంది. ఆ ఎరుపు అదే. తర్వాత వాన నీళ్లు కోసుకుంటూ పోయి ఆ లోతైన గల్లీలు చేశాయి. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడవున ఉన్న ఈ మేటను జియలాజికల్ సర్వే 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులో టేరీలని ఉన్నాయి, శ్రీలంకలో ఉన్నాయి. దక్షిణాసియాలో అంతకుమించి పెద్దగా ఎక్కడా లేవు.

యునెస్కో సంగతి రాసేటప్పుడు ఒకటి జాగ్రత్త. తాత్కాలిక జాబితాలో చేరడం అంటే ప్రపంచ వారసత్వ హోదా వచ్చినట్టు కాదు. దేశం తన తరఫున ముందుముందు నామినేట్ చేస్తానని ఇచ్చుకునే పేర్లు అవి. ఆ విడతలో మన దేశం నుంచి ఏడు ప్రకృతి స్థలాలు వెళ్లాయి, అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: మీ దిబ్బలు, తిరుమల కొండలు. 'హోదా వచ్చేసింది' అని వేస్తే రేపు జనం ఇక భయం లేదనుకుంటారు. నిజానికి భూవారసత్వ స్థలాల రక్షణకు 2022లో కేంద్ర గనుల శాఖ ముసాయిదా బిల్లు ఒకటి బయటపెట్టింది తప్ప, 2014 నాటి ఆ ప్రకటన మట్టి తవ్వేవాళ్లను తనంతట తాను ఆపలేదు. అందుకే ఊరివాళ్లకు ఆ చోటు విలువ తెలియడం నాకు అంత ముఖ్యం అనిపిస్తుంది. జేసీబీ వస్తే ముందు చూసేది వాళ్లే.

మ్యూజియం గురించి. బీరువాల్లోంచి అన్నీ బయటికి తీయొద్దు. ఒక పెద్ద బల్ల వేసి దాని మీద వచ్చినవాళ్ల ఇంట్లో ఉండే రాళ్లే పెట్టండి. వంటింటి గట్టుకి వేసే నల్ల కడప బండ, తాండూరు బండ, చీమకుర్తి గెలాక్సీ. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాళ్లు, కోట్ల ఏళ్ల కిందటి సముద్రాల అడుగున పేరుకున్న బురద. గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి రాయి, లోపల మెరిసే చుక్కలు పైరాక్సీన్ ఖనిజానివి. పక్కన డ్రాపర్‌తో పలుచని యాసిడ్ పెట్టి, మీ జూనియర్ ఒకరు అక్కడే నిలబడాలి. కడప బండ మీద చుక్క వేస్తే చుర్రుమని నురగ వస్తుంది, గెలాక్సీ మీద ఏమీ కాదు. నిమ్మకాయ కోశాక గట్టు మీద మచ్చ ఎందుకు పడుతుందో ఏ ఇల్లాలికైనా ఆ క్షణంలో అర్థమైపోతుంది. ఆమె ఆ తర్వాత బీరువాలన్నీ తానే చూస్తుంది.

రెండో బల్ల మీద ఇసుక. భీమిలి తీరం నల్ల ఇసుకను కాగితం మీద పోసి, అయస్కాంతం ఇచ్చి పిల్లల్నే ఆడుకోనివ్వండి. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఎగిరొచ్చి అంటుకుంటుంది. మిగిలినదాంట్లో గులాబీ రంగు గార్నెట్ గింజలు భూతద్దంలో కనిపిస్తాయి. పక్కనే కైలాసగిరి మీది ఖోండలైట్ అనే రాయి ముక్క పెట్టి అందులోని గార్నెట్ చూపిస్తే, కొండకీ ఇసుకకీ దిబ్బలకీ ఉన్న చుట్టరికం పిల్లలే కనిపెడతారు. ఖోండలైట్ పేరు కూడా చెప్పండి. 1902లో వాకర్ అనే ఆయన ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టాడు. మన కొండల్లో ఉండే మనుషుల పేరు ఇవాళ ప్రపంచమంతా జియాలజీ పుస్తకాల్లో ఉంది.

ఇంకొకటి. బొర్రా గుహల పోస్టరు వేస్తే, వాటిని 1807లో జియలాజికల్ సర్వే అధికారి కనిపెట్టాడన్న వాక్యాన్ని మాత్రం ఎత్తి రాయొద్దు. నెట్‌లో వంద చోట్ల ఉంటుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదలైందే 1851లో. పైగా అక్కడి గిరిజనులకు ఆ గుహలు ఎవరో వచ్చి కనిపెట్టేదాకా తెలియకపోవడం ఏమిటి! జియాలజీ విభాగం పేరుతో అలాంటి తప్పు అచ్చులోకి పోకూడదు.

చివరగా నడక. అక్టోబరులో వద్దమ్మా. హుద్‌హుద్ తుపాను మీ ఊరి మీద పడింది 2014 అక్టోబరు 12న, సరిగ్గా మీరు చెబుతున్న ఆ వారంలోనే. తుపాను రాకపోయినా నాలుగు రోజులు వాన పడితే ఆ గల్లీల గోడలు నాని ఉంటాయి. వదులు ఇసుక అది, ఎప్పుడు జారుతుందో చెప్పలేం. పిల్లల్ని వాటి కింద నిలబెట్టే పని చేయొద్దు. సంక్రాంతి దాటాక పెట్టుకో.

తగరపువలస టీచర్:

గోస్తని గారూ, నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పాత సుత్తి గారు చెప్పినవన్నీ బాగున్నాయి. నేను బడి వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మీ ఎర్త్ సైన్స్ వీక్ ఈసారి దసరా సెలవుల దగ్గర పడుతోంది. పండుగ అక్టోబరు మూడో వారంలో. ఆ వారం ఉపన్యాసాలకు పిల్లలు దొరకరు. అక్టోబరు 6 మంగళవారం, అదే మీకు మంచి రోజు. కానీ మాకు ఉత్తరం సెప్టెంబరు మధ్యకల్లా అందాలి. హెడ్మాస్టరు పేరున, విభాగం లెటర్‌హెడ్ మీద, ఎంతమంది పిల్లలు, ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు వెళ్లొచ్చు, భోజనం ఎక్కడ, తాగునీళ్లు, ఆడపిల్లలకు టాయిలెట్ ఎక్కడ, మీ తరఫున బాధ్యత ఎవరిది. ఇవన్నీ ఒక్క పేజీలో ఉంటే మాకు తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవడం తేలిక. 'విద్యార్థులను పంపించి విజయవంతం చేయగలరు' అని ఒక్క లైను ఉత్తరాలు చాలా వస్తాయి, అవి ఫైల్లోకి వెళ్లిపోతాయి.

ఇంకో మాట. దయచేసి ప్రారంభ సభలో పిల్లల్ని కూర్చోబెట్టకండి. మా తొమ్మిదో తరగతి వాళ్లను ఒకసారి వేరే చోట సైన్సు ప్రదర్శనకు తీసుకెళ్తే, అతిథి రావడం ఆలస్యమై ఎండలో కుర్చీల్లోనే పొద్దు గడిచిపోయింది. స్టాళ్లు చూసే టైముకి మా బస్సు టైమైంది. పిల్లల మొహాలు చూస్తే నాకు ఏడుపొచ్చింది. బల్లల దగ్గర పనిచేసే మీ విద్యార్థులే మాకు ముఖ్య అతిథులు.

ఒక్కో బల్ల దగ్గర పదిమందికి మించి నిలబడలేరు. కాబట్టి బృందాలుగా తిప్పండి. పిల్లలు తమ ఊళ్లో దొరికిన రాయి ఒకటి తెచ్చుకుంటే, అది ఏ రాయో చెప్పే బల్ల ఒకటి పెట్టండి. మా పిల్లలు ఆ ఒక్కదాని కోసం వస్తారు.

నల్గొండ నీళ్లు:

నేను భూగర్భ జలాల మీద పనిచేస్తాను, ఊరు నల్గొండ జిల్లా. భూగర్భ జలాల ఉపన్యాసం అని రాస్తే మీ విభాగం వాళ్లు తప్ప ఎవరూ రారు. 'మీ బోరు నీళ్లు ఒక లీటరు సీసాలో తీసుకురండి, కొలిచి చెబుతాం' అని రాయండి. అప్పుడు హాలు చాలదు.

ఎలా చేయాలో చెబుతాను. సీసాకు చీటీ కట్టమనండి: ఊరు, వీధి, బోరు లోతు, ఏ రోజు పట్టారు. మీరు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), క్లోరైడ్ చూడండి. సముద్రం ఒడ్డు బోర్లకు క్లోరైడ్ ముఖ్యం, ఎక్కువ తోడినచోట ఉప్పునీళ్లు లోపలికి వస్తున్నాయా అన్నది దాంట్లో తెలుస్తుంది. తాగే నీటికి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీళ్లు దొరకకపోతే 2,000 వరకు ఒప్పుకోవచ్చనీ ప్రమాణం. గోడ మీద పెద్ద మ్యాపు పెట్టి, ప్రతి సీసా ఫలితాన్నీ ఆ ఊరి దగ్గర రంగు చుక్కగా అంటించండి. జనం తమ చుక్క, పక్కింటివాళ్ల చుక్క చూసుకుంటూ అక్కడే నిలబడతారు. ఆ మ్యాపు ముందే ఉపన్యాసం మొదలుపెట్టండి, స్టేజీ ఎక్కొద్దు.

ఒక్క విషయం మాత్రం ప్రతి ఒక్కరికీ గట్టిగా చెప్పండి. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చెప్పదు. మార్కెట్లో పెన్నులాంటి మీటరు కొనుక్కుని, అంకె తక్కువ వచ్చింది కాబట్టి నీళ్లు మంచివని నమ్మే ఇళ్లు మా వైపు చాలా చూశాను. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5. అంత చిన్న మొత్తం టీడీఎస్ అంకెలో కనపడనే కనపడదు. దానికి వేరే ఎలక్ట్రోడ్ కావాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును, మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ తర్వాత మా నల్గొండ పేరు ఎందుకు అందరికీ తెలిసిందో చెప్పనక్కర్లేదు. మా గ్రానైట్‌లో ఉన్న ఫ్లోరిన్ ఖనిజాలు, కాల్షియం తక్కువగా ఉండే క్షార గుణపు నీళ్లు, రెండూ కలిస్తే వచ్చే కష్టం అది. వంకర్లు పోయిన కాళ్లతో పెరిగిన మనుషుల మధ్య పెరిగాను నేను. కాబట్టి మీ దగ్గర ఫ్లోరైడ్ కొలిచే పరికరం లేకపోతే 'ఇది మేం కొలవలేదు' అని చీటీ మీద స్పష్టంగా రాసివ్వండి.

తిరుపతి కొండ:

మాదీ జియాలజీయే, తిరుపతి. ఆ జాబితాలో మీతోపాటు మా తిరుమల కొండలు కూడా వెళ్లాయి కదా, శుభాకాంక్షలు. ఘాట్ రోడ్డులో కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీని (రెండు రాతి పొరల మధ్య చాలా కాలం తాలూకు రాళ్లే లేని చోటును) మేం జనానికి చూపించే పద్ధతి ఒకటి పనికొస్తుందేమో. అక్కడ గుంపుగా ఆగి చూడటం ప్రమాదం, అందుకే ఆ రాతి గోడ ఫొటోను నిలువెత్తున ప్రింటు వేయించి గోడకు పెట్టాం. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, మధ్యలో ఒక గీత. ఆ గీత దగ్గర వేలు పెట్టమని, 'మీ వేలి కింద కొన్ని పదుల కోట్ల ఏళ్లు లేవు' అని చెబుతాం. రోజూ బస్సులో ఆ మలుపు దాటే డ్రైవరు ఒకాయన చాలాసేపు అక్కడే నిలబడి, మర్నాడు తన పిల్లల్ని తీసుకొచ్చాడు. మీరూ దిబ్బల పొరల్ని అలా నిలువెత్తు ఫొటో వేయించండి. జనవరి దాకా నడక లేకపోయినా అక్టోబరులోనే చూపించవచ్చు.

గోస్తని:

ఒక్క రోజులో ఇంత సాయం వస్తుందనుకోలేదు. అందరికీ చాలా థ్యాంక్స్. మేడమ్‌కి మొత్తం చదివి వినిపించాను. మొదటి పేజీ దిబ్బలకే ఇచ్చారు. ప్రారంభ సభ పదిహేను నిమిషాల్లో ముగించి, అదీ పిల్లలు వచ్చేముందే పెడదామన్నారు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ కెమిస్ట్రీ విభాగంలో ఉందట, అడుగుతున్నాం.

నడక జనవరికి మారిస్తే ఒక చిక్కు ఉంది సార్. యూపీఎస్సీ ప్రిలిమ్స్ సాధారణంగా ఫిబ్రవరిలో, గేట్ కూడా అప్పుడే. మా బ్యాచ్ అంతా పుస్తకాల్లో మునిగి ఉంటుంది. డిసెంబరు 5 ప్రపంచ నేలల దినోత్సవం కదా, ఆ రోజు పెడితే ఎలా ఉంటుంది? పేరుకు కూడా సరిపోతుంది. ఇంకా, పిల్లలు దిబ్బల నుంచి మట్టి తెచ్చుకుంటామంటే ఏం చెప్పాలి?

పాత సుత్తి:

డిసెంబరు 5 పేరు బాగుందమ్మా, కానీ మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023లో సరిగ్గా అదే తేదీన. బంగాళాఖాతం డిసెంబరులో కూడా నమ్మకస్తురాలు కాదు. నా మాట విను, జనవరి మూడో వారంలో ఒక ఆదివారం పెట్టి, నడిపించే పని నీ జూనియర్లకు అప్పగించు. నువ్వు చదువుకో. జియో సైంటిస్ట్ పరీక్షలో గట్టెక్కితే సర్వేలోనో, కేంద్ర భూగర్భ జల బోర్డులోనో ఇదే పని జీవితాంతం చేయొచ్చు. ఆ మాటామంతీ కార్యక్రమాన్ని మాత్రం వెనక్కి జరపకు, ముందుకే తీసుకురా. నోటిఫికేషన్ మామూలుగా సెప్టెంబరులోనే వస్తుంది. అక్టోబరు రెండో వారానికి అప్లై చేసే గడువు దాటిపోయి ఉండొచ్చు, అప్పుడు పిల్లలు విని ఏం లాభం?

నడక అనుమతి కోసం కలెక్టరేటుకు విభాగం తరఫున ఉత్తరం ఇప్పుడే పెట్టండి. ఏ ముక్క ఎవరి అధీనంలో ఉందో వాళ్లే చెబుతారు. గల్లీ గోడల కిందికి వెళ్లకుండా పైనున్న దారిలోనే నడిపించండి. పై నుంచి కూడా పొరలు కనిపిస్తాయి: అన్నిటికంటే పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఆ కింద గట్టి ముద్దలున్న ముదురు ఎరుపు, అడుగున మళ్లీ పసుపు. పొర వయసు ఎలా కడతారో ఒక్క నిమిషం చెప్పండి. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో ల్యాబులో వెలుతురుతో కొలుస్తారు, అందుకే నమూనాను వెలుగు తగలకుండా గొట్టంలో తీస్తారు. అలాంటి ఖాళీ గొట్టం ఒకటి చేతికిస్తే పిల్లలు ఇక వదలరు.

మట్టి తెచ్చుకోవడం మాత్రం ఒప్పుకోవద్దు. ఒక్కడు గుప్పెడు తీస్తే ఏమవుతుందని అంటారు. వదులు ఇసుక గోడకు గుప్పెడు తీసిన చోటే మొదటి వానకు గాడి పడుతుంది. నోటీసులోనే రాయి: సుత్తులు తేవద్దు, మట్టి తీయవద్దు. ఎవరికైనా చేతిలోకి కావాలంటే మ్యూజియం బల్ల మీద పాత నమూనా ఉంటుందిగా, అక్కడ పట్టుకుని చూడమను.

తగరపువలస టీచర్:

జనవరి ఆదివారం మాకు అనుకూలమే. టెన్త్ వాళ్లను మాత్రం అడగొద్దు, వాళ్లకు స్పెషల్ క్లాసులుంటాయి. ఎనిమిది, తొమ్మిది వాళ్లను తీసుకొస్తాను. గోస్తని గారూ, ఉత్తరం ముసాయిదా ఇక్కడే పెట్టండి, మా హెడ్మాస్టరు గారికి చూపించి ఏం చేర్చాలో రేపే చెబుతాను.

గోస్తని:

ఇదిగోండి, ఇప్పటికి ఇలా రాశాను:

"అక్టోబరు 6, మంగళవారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 3 వరకు మా రాళ్ల మ్యూజియం అందరికీ తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం. మీ వంటింటి బండ ఏ సముద్రం అడుగున పుట్టిందో, భీమిలి ఇసుక నల్లగా ఎందుకుంటుందో, ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగు ఎలా వచ్చిందో చేతులతో పట్టుకుని తెలుసుకోండి. మీ ఊళ్లో దొరికిన రాయి ఒకటి తెండి, అది ఏమిటో చెబుతాం. మీ బోరు నీళ్లు లీటరు సీసాలో తెండి. ఊరు, వీధి, బోరు లోతు, పట్టిన తేదీ చీటీ మీద రాయండి. ఫలితం అదే రోజు మీ చేతికిస్తాం. బడుల నుంచి వచ్చేవారికి తాగునీళ్లు, భోజనానికి నీడ, బాలికలకు టాయిలెట్లు ఉన్నాయి. బృందానికి ఒక విద్యార్థి తోడుంటారు."

నీళ్ల కార్యక్రమాన్ని రెండో వారం నుంచి 6వ తేదీకే జరిపేశాం, ఎలాగూ అందరూ వచ్చేది ఆ రోజే కదా.

నల్గొండ నీళ్లు:

బాగుంది. ఒక్క మార్పు చేయండి. 'ఫలితం అదే రోజు' అన్నది టీడీఎస్, పీహెచ్, క్లోరైడ్ వరకే. ఫ్లోరైడ్ సీసాలు ఎక్కువైతే మీరు సాయంత్రానికి పూర్తిచేయలేరు. చీటీ మీద ఫోన్ నంబరు కూడా రాయించుకుని, ఫ్లోరైడ్ వారంలోగా చెబుతామని వేయండి. ఇంకా, దానికి ప్లాస్టిక్ సీసాలే తెమ్మనండి, గాజువి వద్దు.